సూపులో ఉప్పు తగ్గిన సంగతి

రుచి మాస్టారు నాలుగో కప్పు కింద పెట్టి, నీళ్లు పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, తాపీగా "చప్పగా ఉందమ్మా" అన్నాడు.

కెమిస్టుకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట వినడం అది పదకొండోసారి. ఉప్పు పాతిక శాతం తగ్గించి ఒకసారి, ఇరవై తగ్గించి ఒకసారి, తగ్గించినచోట ఉల్లిపొడి కలిపి ఒకసారి, మిరియాలు పెంచి ఒకసారి, నిమ్మ పులుపు చేర్చి ఇంకోసారి. ఎన్ని తిప్పలు పడి చేసి తెచ్చినా ఆయన నోట్లోంచి ఊడిపడేది ఆ ఒక్క మాటే. కనీసం మాట మార్చి "బాగాలేదు" అన్నా కొంత ఊరటగా ఉండేది.

"ఎంత చప్పగా ఉంది మాస్టారూ? కొంచెమా, బాగానా?"

"చప్పనంటే చప్పనే. అందులో మళ్లీ కొంచెమేంటి, బాగా ఏంటి?" అని ఆయన కాగితం మీద అడ్డగీత గీసి, కింద సంతకం పెట్టి లేచాడు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది పొడి సూపు. ప్యాకెట్టు చింపి, రెండు కప్పుల నీళ్లలో పోసి, మూడు నిమిషాలు మరిగిస్తే టమాటా సూపు సిద్ధం. వండుకునే ఓపిక లేనివాళ్లు, వంట రానివాళ్లు, గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఏం పెట్టినా వద్దని మొరాయించే పిల్లలున్నవాళ్లు, అందరి పొయ్యిల మీదా రోజూ అది ఉడుకుతూనే ఉంటుంది. ఇరవై ఏడేళ్లుగా ఒకే రుచిలో ఉందంటే దానికి కారణం రుచి మాస్టారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. వాసన సబ్బు వాడడు. పదకొండు దాటితే గాని కాఫీ ముట్టడు. ఆయనకు జలుబు చేస్తే ఫ్యాక్టరీ అంతా కంగారు పడుతుంది. రంగు చూసి మోసపోకూడదని రుచి గదిలో ఎర్ర బల్బు పెట్టించుకున్నాడు. ఆయన "సరే" అంటే తప్ప కింద మిక్సర్ తిరగదు.

ఇంతకీ ఈ గొడవంతా ఎలా మొదలైందంటే, నాలుగు నెలల కిందట ఆరోగ్య శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. జనంలో రక్తపోటు పెరిగిపోతోంది, గుండె జబ్బులు పెరిగిపోతున్నాయి, మనుషులు తినే ఉప్పులో ఎక్కువ భాగం ఇంట్లో వేసుకునేది కాదు, ప్యాకెట్లలో వచ్చేదే. కాబట్టి పద్దెనిమిది నెలల్లో అన్ని కంపెనీలూ ఉప్పు నాలుగో వంతు తగ్గించాలి. యజమాని ఆ ఉత్తరం చదివి, మడిచి, కెమిస్టు చేతిలో పెట్టి, "రుచి మాత్రం మారకూడదమ్మా. ఉప్పు తగ్గాలి, అంతే" అన్నాడు. కిటికీ తలుపు కాస్త దగ్గరికి వెయ్యమని చెప్పినంత సులువుగా చెప్పి చేతులు దులుపుకున్నాడు.

ఆ సాయంత్రం కెమిస్టు ఇంటికి వెళ్లేసరికి తలనొప్పి నెత్తిన కూర్చుని ఉంది. చెప్పులు విప్పుతుండగానే వంటింట్లోంచి తెలిసిన వాసన వచ్చింది. పగలంతా పీల్చిన వాసనే.

అత్తగారు పొయ్యి ముందు నిలబడి సూపు కలుపుతోంది. డెబ్బై ఏళ్ల మనిషి. మూడు వారాల కిందట స్నానాల గదిలో కళ్లు తిరిగి గోడకు ఒరిగిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు. రోజుకు మొత్తం మీద చిన్న చెంచాడు ఉప్పు దాటకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రోజు నుంచి కెమిస్టు ఇంట్లో వంట తన చేతుల్లోకి తీసుకుంది. ఉప్పు డబ్బా పైఅరలో, ఆవిడకు అందనంత ఎత్తున పెట్టింది. ఆవిడ కూడా ఒక్క మాట అనకుండా పెట్టింది తిని లేచిపోతోంది. ఇంత బుద్ధిగా ఎప్పుడు మారిందా అని కెమిస్టుకు లోలోపల అనుమానంగానే ఉంది.

"అత్తయ్యా, రోజుకు ఎన్నిసార్లు తాగుతున్నారు ఇది?"

"రెండుసార్లు. పొద్దున పదకొండింటికి ఒకటి, ఇప్పుడొకటి. నువ్వు పెట్టే ఆ చప్పిడి తిండి తిని బతకొద్దూ మరి?"

కెమిస్టు కుర్చీలో కూలబడింది. ఒక ప్యాకెట్టులో డాక్టరు చెప్పిన చెంచాలో సగం పైనే ఉప్పు ఉంటుంది. ఆ లెక్క ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు. ఫ్యాక్టరీలో ఉచితంగా ఇస్తారని నెలనెలా డజన్లకొద్దీ సంచిలో వేసుకుని తెచ్చింది కూడా ఆమే.

"దాంట్లో ఎంత ఉప్పు ఉంటుందో తెలుసా మీకు?"

"నాకేం తెలుసు? నువ్వు చేసిందే కదా అని తాగుతున్నా" అంది అత్తగారు. ఎత్తిపొడుపుగా కూడా అనలేదు. "పక్కింటావిడకీ రెండిచ్చాను, మా కోడలు చేసిందే అని చెప్పి."

కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆ రాత్రి భర్తతో చెప్పుకుంటే, అతను పేపరు మీంచి తల ఎత్తకుండానే "మరైతే తగ్గించొచ్చుగా" అన్నాడు. ఆమె అతని వంక చూసిన చూపుకు పేపరు మడిచి అవతల పెట్టేశాడు.

మర్నాడు ఆమె తిన్నగా యజమాని గదిలోకి వెళ్లింది. సేల్స్ మేనేజరు అక్కడే ఉన్నాడు. ఎదుటివాళ్లు సగంలో ఉండగానే "అర్థమైంది, అర్థమైంది" అనే రకం మనిషి. ఏదీ అర్థమైన దాఖలా మాత్రం ఉండదు.

"మాస్టారు ఒప్పుకోవడం లేదు. నాలుగు నెలలు అప్పుడే గడిచిపోయాయి. మీరైనా ఒక మాట చెప్పండి" అంది కెమిస్టు.

"ఆయన నాలుక మీదే ఈ కంపెనీ నిలబడింది. నేనేం చెప్పను?" అన్నాడు యజమాని. "మీరూ కాస్త మన వైపు నుంచి ఆలోచించండి. పన్నెండేళ్లుగా ఈ కంపెనీ ఉప్పు తింటున్నారు."

"ఆ తిన్నదే ఎక్కువైందండీ. మా అత్తగారిక్కూడా."

యజమాని నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. సేల్స్ మేనేజరు మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. "అర్థమైంది. దీన్నే మనం గొప్పగా చెప్పుకుందాం. ప్యాకెట్టు మీద పెద్ద ఆకుపచ్చ అక్షరాలతో 'ఇప్పుడు తక్కువ ఉప్పుతో' అని వేద్దాం. ఒక్క దెబ్బకు పాతిక శాతం తగ్గించేద్దాం. జనం మెచ్చుకుంటారు, డాక్టర్లు మెచ్చుకుంటారు, ఉత్తరం రాసినవాళ్లూ మెచ్చుకుంటారు."

అంత అకస్మాత్తుగా తగ్గిస్తే నాలుకకు తెలుస్తుందని కెమిస్టు చెప్పింది. కొంచెం కొంచెంగా తగ్గిద్దామంది. "కొంచెం కొంచెం తగ్గిస్తే ప్యాకెట్టు మీద ఏమని వేస్తాం? 'కొంచెం తక్కువ ఉప్పుతో' అనా?" అని అతను నవ్వేశాడు. రుచి మాస్టారు సంతకం పెట్టనన్నాడు. యజమాని రెండు రోజులు అటూ ఇటూ ఊగి, చివరికి ఆ సంతకం లేకుండానే ఆకుపచ్చ అక్షరాల వైపు మొగ్గాడు.

కొత్త ప్యాకెట్లు దుకాణాల్లోకి వెళ్లిన పది రోజులకు మొదలైంది. ఫోన్లు, ఉత్తరాలు, దుకాణాల నుంచి వెనక్కి వచ్చే అట్టపెట్టెలు. 'వేడినీళ్లు తాగినట్టుంది' అని ఒకరు. 'మాకేం జబ్బు లేదు, మా ఉప్పు మాకివ్వండి' అని ఇంకొకరు. ఒక పెద్దమనిషి ప్యాకెట్టునే కవరులో పెట్టి పంపించి, దాని మీద ఎర్ర సిరాతో 'సిగ్గుచేటు' అని రాశాడు. సేల్స్ మేనేజరు ఫోను ఎత్తడం మానేసి, ఆ ఫోన్లన్నీ ల్యాబుకు కలపమని ఆపరేటరుకు చెప్పాడు. కెమిస్టుకు తల ప్రాణం తోకకొచ్చింది. పొడి తూచడానికి తీరిక లేదు గాని, ఊళ్లోవాళ్ల తిట్లు వినడానికి మాత్రం తీరిక చేసుకోవలసి వచ్చింది.

ఇంట్లో కూడా అంతే. అత్తగారు ఆకుపచ్చ అక్షరాలు కూడబలుక్కుని చదివి, పక్కింటావిడ దగ్గర గుప్పెడు ఉప్పు అడిగి తెచ్చుకుని, గ్లాసులో పోసి పప్పుల సీసా వెనక దాచుకుంది. సూపు కలిపిన ప్రతిసారీ అందులోంచి ఒక చెంచా. ముందు తాగినదానికంటే ఇప్పుడే ఎక్కువ ఉప్పు పడుతోంది. కెమిస్టు ఆ గ్లాసు కనిపెట్టి తీసేస్తే, ఆవిడ రెండు రోజులు మొహం గంటు పెట్టుకుని కూర్చుంది.

వెనక్కి వచ్చిన పెట్టెలు గోడౌనులో ఒక గోడ మేర పేరుకున్నాయి. వాటిలోంచి కొన్ని ప్యాకెట్లు తీసి పరీక్షించడం కెమిస్టు బాధ్యత. ఒక మధ్యాహ్నం విసుగ్గా, యాంత్రికంగా ఆ పని చేస్తూ ఉండగా ఒక ప్యాకెట్టు దగ్గర ఆగిపోయింది. అంకె తప్పొచ్చిందనుకుని మళ్లీ చేసింది. అదే పెట్టెలోంచి ఇంకో నాలుగు తీసి చేసింది. అయిదింటిలోనూ ఉప్పు పాత లెక్క ప్రకారం పూర్తిగా ఉంది.

ఆమె ఆ పెట్టె నంబరు పట్టుకుని ప్యాకింగు సెక్షనుకు వెళ్లింది. అక్కడి సూపర్‌వైజరు మొదట నాకేం తెలియదన్నాడు, తర్వాత బుర్ర గోక్కున్నాడు, ఆ తర్వాత ఒప్పుకున్నాడు. కొత్త కవర్లు రెండు రోజులు ముందే వచ్చాయట. ఆ పూట పాత కవర్లు అయిపోయాయట. మిషను ఆపడం ఎందుకని పాత పొడినే కొత్త కవర్లలో నింపేశారట. "ఒక్క షిఫ్టేనమ్మా. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం."

కెమిస్టు తిట్టలేదు. ల్యాబుకు పరుగులాంటి నడకతో తిరిగొచ్చి, ఆ పెట్టెతో పాటు వచ్చిన ఫిర్యాదు కాగితాలు వెతికింది. పదిహేడు ఉన్నాయి. పదిహేడూ 'ఉప్పు లేదు' అనే. నిండా ఉప్పున్న సూపు తాగి, ఉప్పు లేదని పదిహేడు మంది పనిగట్టుకుని రాశారు. ఆమెకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లు ఆమె పోట్లాడింది ఉప్పుతో కాదు, ఆ మూడు ఆకుపచ్చ మాటలతో.

ఆ వేడిలో ఆమె ఒక పొరపాటు చేసింది. ఆ పెట్టెలోదే ఇంకో ప్యాకెట్టు రుచి మాస్టారి బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఆయన ఎదుటే చింపి, కలిపి, కప్పు ఇచ్చింది. ఆయన కవరు వంక ఒకసారి చూసి, రెండు గుటకలు తాగి, "చప్పగా ఉంది. నేను ముందే చెప్పాను" అన్నాడు.

"ఇది పాత పొడి మాస్టారూ. మీరు సంతకం పెట్టిందే" అని ఆమె పరీక్ష కాగితం ముందు పెట్టింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం చూశాడు. పెట్టె నంబరు రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఇంకో గుటక తాగాడు. ఈసారి ఉప్పు నాలుకకు తగిలింది. పక్కన ఇద్దరు ల్యాబువాళ్లు నిలబడి చూస్తున్నారన్న సంగతి కెమిస్టుకు అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ఆయన కప్పు బోర్లించి, తువ్వాలు మడిచి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత రోజు కూడా రాలేదు. ఇరవై ఏడేళ్లలో జలుబు లేకుండా ఆయన సెలవు పెట్టడం అదే మొదలని అందరూ ఆమె వంక అదోలా చూశారు.

మూడో రోజు సాయంత్రం ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మెట్ల దగ్గరే ఆయన భార్య ఎదురై, "ఏం జరిగిందో ఏమో, పెట్టింది తింటున్నారు గాని వంక పెట్టట్లేదమ్మా. నాకు భయంగా ఉంది" అంది. ఆయన కిటికీ పక్కన మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నన్ను క్షమించండి మాస్టారూ. నలుగురిలో అలా చెయ్యకుండా ఉండాల్సింది."

"అది కాదమ్మా నా బాధ." ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లూ నేను రుచి చూశానా, కవరు చూశానా? అదే అర్థం కావట్లేదు."

"ఎర్ర లైటు కింద మీరు చూసినవన్నీ రుచే. ఆ రోజు కవరు చూపించి ఇచ్చింది నేను. ఆ పదిహేడు మందీ అబద్ధం ఆడలేదు, మీరూ ఆడలేదు. కళ్లు చదివింది నాలుక నమ్మింది, అంతే."

"మరి నువ్వు చేసి తెచ్చిన ఆ పదకొండు కవరు లేకుండానే చూశాగా. అవి నిజంగానే చప్పగా ఉన్నాయి."

"ఉన్నాయి" అని ఒప్పుకుంది కెమిస్టు. ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి.

ఆయన భార్య కాఫీ తెచ్చిచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. "అయితే ఒక పని చేద్దాం. నాకు తెలియకుండా తగ్గించు. మూడు కప్పులు పెట్టు. రెండింట్లో పాతది, ఒకదాంట్లో నువ్వు తగ్గించింది. నేను పట్టుకున్నానా, నువ్వు వెనక్కి వెళ్లు. పట్టుకోలేకపోయానా, అక్కడిదాకా తగ్గించుకో."

మర్నాడు ఆయన డ్యూటీకి వచ్చాడు. పది రోజులు ఎర్ర లైటు కింద మూడేసి కప్పులు. పది శాతం తగ్గిస్తే మొదటి గుటకలోనే పట్టేశాడు. ఎనిమిదికి రెండో గుటకలో పట్టేశాడు. అయిదు దగ్గర మాత్రం తడబడ్డాడు. ఒకసారి ఒప్పు, రెండుసార్లు తప్పు, మళ్లీ తప్పు. తప్పు చెప్పిన ప్రతిసారీ "మళ్లీ పెట్టు" అని కస్సుమన్నాడు. ఇరవైసార్లు అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, "అయిదు. నాకు తెలియట్లేదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆమెకు తెలిసింది. అందుకే సంతోషం పైకి కనపడనివ్వలేదు.

ఇద్దరూ కలిసి యజమాని దగ్గరికి వెళ్లారు. ఆకుపచ్చ అక్షరాలు తీసెయ్యాలి. ఉప్పు మళ్లీ పాత లెక్కకు తేవాలి. అక్కడి నుంచి రెండు నెలలకోసారి అయిదేసి శాతం, నాలుకలు అలవాటు పడే టైమిచ్చి, అయిదుసార్లు దించాలి.

"చెప్పకుండా తగ్గిస్తే జనాన్ని మోసం చేసినట్టు కాదూ?" అన్నాడు యజమాని. ఇన్నేళ్లూ చెప్పకుండా వేసినప్పుడు రాని ఈ అనుమానం ఇప్పుడెలా వచ్చిందా అని కెమిస్టుకు విసుగొచ్చింది.

"వెనక వైపు ఎంత ఉప్పుందో అంకె ఉంటుంది కదండీ. తగ్గినప్పుడల్లా అదీ మారుస్తాం. అబద్ధం ఎక్కడుంది? ముందు వైపు చాటింపు వెయ్యం, అంతే."

"నేను సంతకం పెడతాను" అన్నాడు రుచి మాస్టారు. యజమాని కాగితం ఆయన ముందుకు తోశాడు.

మొదటిసారి తగ్గించినప్పుడు కెమిస్టుకు నెల రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఫోను మోగితే తనే పరుగెత్తి ఎత్తేది. ఒక్క ఫిర్యాదు రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి ఒకటొచ్చింది. ఆదరాబాదరాగా చదివితే, ప్యాకెట్టు చింపడం కష్టంగా ఉందని రాశారు. నాలుగోసారికి సేల్స్ మేనేజరు వచ్చి, "చూశారా, పాత రుచి మళ్లీ తెచ్చాం, అమ్మకాలు ఎలా లేచాయో. నేను అప్పుడే చెప్పాను" అన్నాడు. అతను ఏమీ చెప్పలేదని గుర్తుచేసే ఓపిక ఆమెకు లేకపోయింది. గడువుకు రెండు నెలల ముందే అయిదోది కూడా అయిపోయింది.

ప్రతి ఏడాదీ కొన్ని ప్యాకెట్లు తీసి ల్యాబు బీరువాలో భద్రపరచడం ఆనవాయితీ. యజమాని ఒకరోజు వచ్చి, అసలు తేడా ఎంతో చూపించమన్నాడు. కెమిస్టు పాతదొకటి, కొత్తదొకటి కలిపి గుర్తు లేని కప్పుల్లో ఇచ్చింది. కొత్తది తాగి "ఇది మనది" అన్నాడు. పాతది నోట్లో పోసుకోగానే మొహం చిట్లించి, "ఇదేంటి, ఇంత ఉప్పా? ఏ కంపెనీ వాళ్లది?" అన్నాడు.

"అదీ మనదేనండి. కిందటేడాదిది."

ఆయన నమ్మక రుచి మాస్టారి వంక చూశాడు. మాస్టారు కూడా ఒక గుటక తాగి, చప్పున నీళ్ల గ్లాసు అందుకుని, "ఇన్నేళ్లు దీనికా నేను సంతకాలు పెట్టాను" అని గొణుక్కున్నాడు. యజమానికి ఉత్సాహం పుట్టుకొచ్చింది. "అయితే ఈ సంగతి ప్యాకెట్టు మీద..." అనబోయేసరికి, ఇద్దరూ ఒక్క గొంతుతో "వద్దండీ" అన్నారు.

అత్తగారి రక్తపోటు కొంచెం దిగింది. రెండు మాత్రల్లో ఒకటి డాక్టరు సగానికి తగ్గించాడు. అదంతా తను సాయంత్రాలు పక్కింటిదాకా నడుస్తున్నందువల్లేనని ఆవిడ అందరికీ చెప్పుకుంది. కెమిస్టు కాదనలేదు. సూపు రోజుకొకటికి తగ్గిందని, అదీ ఇప్పుడు పాతదానికంటే నయమని లోపల సర్దిచెప్పుకుంది.

ఒక ఆదివారం పొద్దున పక్కల దుప్పట్లు మారుస్తుంటే అత్తగారి దిండు కింద పొడుగాటి ప్యాకెట్టు దొరికింది. పైన నువ్వులద్దిన ఉప్పు బిస్కెట్లు. సగం ఖాళీ.

"అత్తయ్యా, ఏంటిది?"

"బిస్కెట్లేగా. సూపు ఒకటే తాగమన్నావని ఒకటే తాగుతున్నాను. బిస్కెట్ల గురించి నువ్వేమీ అనలేదే."

కెమిస్టు ప్యాకెట్టు తిప్పి, వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలు కిటికీ వెలుగులో పెట్టి చదివింది. ఆ అంకె చూసి మంచం అంచున కూర్చుండిపోయింది. అరవాలనిపించింది, కానీ ఆవిడ పక్కనే నిలబడి, పెదాల మీద నువ్వుగింజతో, చంటిపిల్లలా చూస్తోంది. అంకె కింద కంపెనీ ఫోను నంబరు ఉంది. సోమవారం పొద్దున ల్యాబులోకి వెళ్లగానే చేసే మొదటి పని అదే అనుకుంది, అన్నట్టే చేసింది. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ కలిపాక, ఒక మగ గొంతు అలసటగా "ల్యాబండి" అంది.

"మీ బిస్కెట్లు తినే ఒకావిడ కోడల్ని మాట్లాడుతున్నానండి. సూపు ఫ్యాక్టరీలో కెమిస్టుని. ఉప్పు సంగతి మాట్లాడాలి."

అవతలి నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"మా రుచి చూసే ఆయన ఒప్పుకోవట్లేదండి" అన్నాడతను.

కెమిస్టు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మూడు కప్పులున్నాయా మీ దగ్గర? కాదు, బిస్కెట్లు కదూ. మూడు పళ్లేలు తెచ్చుకోండి, చెబుతాను."